మగవారి సంతాన సామర్థ్యం: గ్రోత్ హార్మోన్ పని ఎంతవరకు? (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ రోజు విషయం కాస్త మొహమాటపెట్టేది. అంగం, వృషణాలు, వీర్యం అనే మాటలు గంటసేపు వినబడుతూనే ఉంటాయి. ముందు వరసల్లో పిల్లల తల్లిదండ్రులున్నారు, వెనకాల పల్లెల్లో ప్రాక్టీసు చేసే డాక్టర్లున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా చెప్పాలంటే డొంకతిరుగుడు కుదరదు, ఏమీ అనుకోకండి.

గ్రోత్ హార్మోన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎత్తు. పొట్టిగా ఉన్న పిల్లలకిచ్చే ఇంజెక్షన్ అని. జిమ్ముల్లో కుర్రాళ్ళకీ, పిల్లలు లేక క్లినిక్కుల చుట్టూ తిరిగే దంపతులకీ వినబడే మాట వేరు: ఇది వేసుకుంటే కౌంటు (వీర్యకణాల సంఖ్య) పెరుగుతుంది, మగతనం పెరుగుతుంది అని. మొదటి మాట సగమే నిజం. రెండోది కొద్దిమంది విషయంలో కొంత నిజం, మిగతా అందరికీ డబ్బు దండగ. ఆ కొద్దిమంది ఎవరు, వాళ్ళను ఎలా గుర్తుపట్టాలి, మిగతావాళ్ళు ముందు ఏం చూపించుకోవాలి అన్నదే నేను చెప్పదలచుకున్నది.

మెదడు అడుగున అర గ్రాముకు అటూ ఇటూగా ఉండే గ్రంథి ఒకటుంది, పీయూష గ్రంథి, పిట్యూటరీ. దాని ముందు భాగం నుంచి వచ్చే హార్మోన్లలో మనకిప్పుడు కావలసినవి మూడు. ఎల్‌హెచ్ వెళ్ళి వృషణాల్లోని లీడిగ్ కణాల చేత టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తయారు చేయిస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ సెర్టోలీ కణాల మీద పనిచేస్తుంది. వీర్యకణాలను సాకి పెద్దచేసేవి ఈ సెర్టోలీ కణాలే. మూడోది గ్రోత్ హార్మోన్. ఇది రోజంతా ఒకే తీరుగా రాదు, విడతలు విడతలుగా వస్తుంది. రాత్రి పడుకున్నాక తొలి గాఢనిద్రలో వచ్చేది పెద్ద విడత. రక్తంలోకి వచ్చిన ఇరవై నిమిషాల్లో సగానికి సగం తగ్గిపోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, పరీక్షల దగ్గర మళ్ళీ పనికొస్తుంది. కాలేయానికి చేరినప్పుడు అక్కడ ఐజీఎఫ్-1 అనే ఇంకో హార్మోన్‌ని పుట్టిస్తుంది. ఒంట్లో గ్రోత్ హార్మోన్ పని చాలావరకు ఈ ఐజీఎఫ్-1 చేతుల మీదుగానే జరుగుతుంది.

వృషణాల్లోనూ గ్రోత్ హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్లున్నాయి. వృషణాలు ఐజీఎఫ్-1ని సొంతంగా కూడా తయారు చేసుకుంటాయి. అది ఉన్నచోట లీడిగ్ కణాలు ఎల్‌హెచ్ మాట బాగా వింటాయి, సెర్టోలీ కణాలు తగినన్ని పుడతాయి. ఒక మగవాడికి జీవితంలో ఎంత కౌంటు రాగలదన్న గరిష్ఠ పరిమితి చాలావరకు ఆ సెర్టోలీ కణాల సంఖ్య మీదే ఆధారపడి ఉంటుంది. అవి పెరిగేది తల్లి కడుపులో, పుట్టిన తొలి నెలల్లో, మళ్ళీ యుక్తవయసు మొదట్లో. ఆ తర్వాత పెరగవు. కాబట్టి గ్రోత్ హార్మోన్ లోటు ఏ వయసులో వచ్చిందన్నదాన్ని బట్టి దాని నష్టం మారుతుంది. ఐజీఎఫ్-1 జన్యువు తీసేసిన చిట్టెలుకల్లో మగవాటికి సంతానం ఉండదు, టెస్టోస్టిరాన్ అట్టడుగున ఉంటుంది.

మరి మనిషిలోనూ అంతేనా? కాదు. దీనికి ప్రకృతి చేసిన ప్రయోగం ఒకటుంది. 1966లో ఇజ్రాయెల్‌లో జ్వి లారన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఒక వింత రకం పొట్టితనాన్ని వర్ణించారు. ఆ పిల్లల రక్తంలో గ్రోత్ హార్మోన్ దండిగా ఉంటుంది, కానీ దాన్ని అందుకునే రిసెప్టర్ చెడిపోయి ఉంటుంది, ఐజీఎఫ్-1 తయారవదు. దీన్నే లారన్ సిండ్రోమ్ అంటున్నాం. ఈక్వడార్ దక్షిణాన లోహా ప్రాంతంలో ఇలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. మగపిల్లలకు పుట్టుకతోనే అంగం, వృషణాలు చిన్నగా ఉంటాయి, యుక్తవయసు కొన్నేళ్ళు ఆలస్యంగా వస్తుంది. అయినా చివరికి వస్తుంది. పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. అంటే గ్రోత్ హార్మోన్ పని అసలే జరగకపోయినా సంతానం కలగడం సాధ్యమే.

వరి మడి లెక్కన చూడండి. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ నీళ్ళు, గ్రోత్ హార్మోన్ ఎరువు. నీళ్ళు లేని మడిలో ఎరువు చల్లితే ఏ ఫలమూ లేదు. నీళ్ళుండి సారం లేని మడికి ఎరువు పడితే పైరు తేరుకుంటుంది. రెండూ సమంగా ఉన్న మడిలో ఇంకో బస్తా యూరియా గుమ్మరిస్తే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, పురుగు పడుతుంది. ఈ మూడు రకాల మనుషులూ మనకు కనిపిస్తారు.

పుట్టిన బిడ్డ దగ్గర మొదలుపెడదాం. మగబిడ్డకు రక్తంలో చక్కెర పదే పదే పడిపోతోంది, పసిరికలు రెండు వారాలు దాటినా తగ్గట్లేదు, అంగం మరీ చిన్నగా ఉంది. ఇవి కలిసి కనిపిస్తే పుట్టుకతోనే పీయూష గ్రంథి పనిచేయట్లేదేమోనని ఆ గంటే అనుమానించాలి. మూడింటినీ విడివిడిగా ముగ్గురు చూసి, మూడు మందులు రాసి పంపేస్తే బిడ్డ, బీపీనీ చక్కెరనూ నిలబెట్టే కార్టిసాల్ అనే హార్మోన్ లేక, ప్రాణం మీదికి తెచ్చుకునే ప్రమాదం ఉంది. చక్కెర పడిపోయి ఉన్న ఆ నిమిషంలోనే, గ్లూకోజు ఎక్కించేముందు, కాస్త రక్తం తీసి పెట్టండి: గ్రోత్ హార్మోన్, కార్టిసాల్, ఇన్సులిన్. తొలి వారంలో బిడ్డకు చక్కెర తక్కువగా ఉన్నప్పుడు గ్రోత్ హార్మోన్ మిల్లీలీటరుకు 5 నానోగ్రాములు కూడా లేకపోతే అది లోటే అనుకోవచ్చు.

అంగం కొలవడం సులువే గానీ తప్పులు ఎక్కువ. స్కేలు చివరను పొత్తికడుపు కింద ఎముకకు ఆనేదాకా కొవ్వును నొక్కిపట్టాలి. అంగాన్ని మెల్లగా, ఇక సాగదు అనిపించేదాకా లాగి, శిశ్నం మొన వరకు చదవాలి. ముందు చర్మాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. నెలలు నిండిన బిడ్డకు అలా సుమారు మూడున్నర సెంటీమీటర్లుంటుంది. రెండున్నర కంటే తక్కువైతే మైక్రోపెనిస్ అంటాం. పదీ పదకొండేళ్ళ బొద్దు పిల్లల్ని తీసుకొచ్చి 'చిన్నగా ఉంది డాక్టరుగారూ' అని కంగారుపడే తల్లులు చాలామంది ఉంటారు. వాళ్ళలో ఎక్కువమందికి ఆ కొవ్వు నొక్కి కొలిస్తే కొలత సరిగ్గానే ఉంటుంది. వాళ్ళకు కావలసింది హార్మోన్ కాదు, బరువు తగ్గడం.

తొలి నెలల్లో ఇంకో వెసులుబాటు ఉంది. ఒకటో నెల నుంచి మూడో నెల దాకా మగబిడ్డల్లో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్ బాగా పైకి లేస్తాయి, ఆరు నెలలకల్లా దిగిపోతాయి. ఆ కిటికీ మూతపడితే మళ్ళీ తెరుచుకునేది యుక్తవయసులోనే. 'పెద్దయ్యాక చూద్దాంలే' అనే పెద్దల మాట ఇక్కడ నిజంగా నష్టం చేస్తుంది. లోటు తేలితే టెస్టోస్టిరాన్ ఎనాంథేట్ 25 మిల్లీగ్రాములు నెలకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు ఇవ్వడం వాడుకలో ఉన్న పద్ధతి. గ్రోత్ హార్మోన్ కూడా లేని బిడ్డకైతే అది ఇచ్చాక అంగం ఇంకొంత ఎదుగుతుంది.

తర్వాతి మజిలీ యుక్తవయసు. మగపిల్లల్లో అది మొదలైందని చెప్పేవి మీసం, గొంతు కాదు. వృషణం 4 మిల్లీలీటర్లకు చేరడం. కొలిచేందుకు ప్రాడర్ ఆర్కిడోమీటర్ అని దారానికి గుచ్చిన పూసల దండ ఉంటుంది, 1 నుంచి 25 మిల్లీలీటర్ల దాకా పన్నెండు పూసలు. ఒక చేత్తో వృషణాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో పూసలు తడుముతూ సరిజోడీ వెతకాలి. 1, 2, 3 పసితనం, 4 మొదలు, 15 నుంచి 25 ఎదిగిన మగవాడు. 14 ఏళ్ళు నిండినా 4 పూసకు చేరకపోతే ఆలస్యమని లెక్క. అందులో ఎక్కువమందిది రోగం కాదు, వంశంలో ఉన్న ఆలస్యం. తండ్రినో మేనమామనో అడిగితే 'నేనూ ఇంటర్ అయ్యాకే పొడుగయ్యాను' అంటారు. ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఎముకల వయసు రెండేళ్ళో మూడేళ్ళో వెనకబడి ఉంటుంది.

ఇక్కడే ఒక వల ఉంది. యుక్తవయసు ఆలస్యమైన పిల్లాడిలో టెస్టోస్టిరాన్ తక్కువ కదా, దాని తోడు లేనప్పుడు పిట్యూటరీ గ్రోత్ హార్మోన్‌నూ మందంగానే వదులుతుంది. అలాగే పరీక్ష చేస్తే 'లోటు ఉంది' అని వస్తుంది, ఏళ్ళ తరబడి అక్కర్లేని ఇంజెక్షన్లు మొదలవుతాయి. అందుకే ఈ వయసు వచ్చినా యుక్తవయసు అంటని మగపిల్లాడికి పరీక్షకు వారం ముందు డిపో (ఒంట్లో మెల్లగా విడుదలయ్యే) టెస్టోస్టిరాన్ 50 నుంచి 100 మిల్లీగ్రాములు ఒక్కసారి ఇచ్చి, అప్పుడు చేయాలి. ప్రైమింగ్ అంటారు దీన్ని. మీ పిల్లాడికి పరీక్ష రాస్తే 'ప్రైమింగ్ చేస్తున్నారా అండీ' అని అడగడంలో తప్పేమీ లేదు.

పరీక్ష గురించి ఇప్పుడే చెప్పేస్తాను. ఉదయం ల్యాబుకెళ్ళి ఊరికే గ్రోత్ హార్మోన్ లెవల్ చేయించుకుని, 0.1 వచ్చిందని దిగులుపడి వచ్చేవాళ్ళున్నారు. విడతల మధ్య ఖాళీలో ఎవరికి చేసినా అంతే వస్తుంది. పసిబిడ్డను పక్కన పెడితే ఆ కాగితానికి విలువ లేదు. ఐజీఎఫ్-1 రోజంతా నిలకడగా ఉంటుంది కాబట్టి అది చూడాలి, వయసుకు తగ్గ పట్టికతో పోల్చాలి. అదీ తిండి సరిగా లేకపోయినా, కాలేయం దెబ్బతిన్నా, థైరాయిడ్ తగ్గినా, షుగరు అదుపు తప్పినా పడిపోతుంది. గట్టిగా తేల్చాలంటే గ్రంథిని రెచ్చగొట్టి చూడాలి. పిల్లలకు క్లోనిడిన్ మాత్ర ఇచ్చి ప్రతి అరగంటకూ రక్తం తీస్తారు. బీపీ తగ్గి నిద్ర ముంచుకొస్తుంది, పూర్తయ్యాక కూడా కాసేపు పడుకోబెట్టి గానీ పంపకూడదు. పెద్దవాళ్ళకు క్లోనిడిన్ పనికిరాదు. వాళ్ళకు ఇన్సులిన్ పరీక్ష చేస్తారు: పరగడుపున కిలోకు 0.1 యూనిట్ ఇన్సులిన్ నరంలోకి ఇచ్చి, చక్కెర 40 కంటే కిందికి దించి, 120 నిమిషాల దాకా నమూనాలు తీస్తారు. చక్కెర అంతకు దిగకపోతే పరీక్ష చెల్లదు. మంచం పక్కన డాక్టరు, చేతిలో డెక్స్‌ట్రోజ్ సిరంజి ఉండాలి. ఫిట్స్ ఉన్నవాళ్ళకు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు ఇది చేయనే చేయకూడదు, వాళ్ళకు గ్లూకగాన్ పరీక్ష ఉంది. పిట్యూటరీ హార్మోన్లు మూడో, అంతకంటే ఎక్కువో ఇప్పటికే పోయి, ఐజీఎఫ్-1 కూడా తక్కువుంటే పెద్దవాళ్ళలో ఈ తంటాలేవీ అక్కర్లేదు, లోటు ఖాయం.

ఇక పెద్దయ్యాక వచ్చే లోటు. మన దగ్గర దీన్ని గుర్తించడంలో చాలా వెనకబడి ఉన్నాం. పిట్యూటరీ దెబ్బతింటే సాధారణంగా ముందు పోయేది గ్రోత్ హార్మోన్, దాని వెనకే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్. కాబట్టి పిట్యూటరీ వల్ల టెస్టోస్టిరాన్ పడిపోయిన మనిషికి గ్రోత్ హార్మోన్ లోటు కూడా ఉండే అవకాశం బాగా ఎక్కువ. కారణాలు: గ్రంథిలో గడ్డలు, వాటికి చేసిన ఆపరేషన్, చిన్నప్పుడు మెదడుకిచ్చిన రేడియేషన్, బైకు మీద నుంచి పడి తలకు తగిలిన పెద్ద దెబ్బ, మెదడు పొరలకు వచ్చిన టీబీ, తలసీమియా పిల్లల్లో రక్తమార్పిడుల వల్ల గ్రంథిలో పేరుకునే ఇనుము.

ఇంకొకటుంది, విదేశీ పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు గానీ మన పొలాల్లో దాన్ని తేలిగ్గా వదిలేయకూడదు: రక్తపింజర కాటు. దాని విషం రక్తం గడ్డకట్టే ఏర్పాటునే తలకిందులు చేస్తుంది. చిన్న చిన్న నాళాల్లో రక్తం గడ్డలు కడుతుంది, మరోపక్క నెత్తురు ఆగకుండా కారుతుంది. కిడ్నీలు దెబ్బతినడం అందరికీ తెలుసు. అదే దెబ్బ పీయూష గ్రంథికీ తగులుతుంది. బర్మాలో 1980ల్లో దీన్ని వివరంగా నమోదు చేశారు, దక్షిణ భారతదేశం నుంచీ కేసులు ప్రచురితమయ్యాయి. కొందరిలో ఆస్పత్రిలో ఉండగానే తెలుస్తుంది: యాంటీవెనమ్ పడ్డాక కూడా బీపీ నిలవదు, చక్కెర పడిపోతుంది. అది కార్టిసాల్ లోటు, వెంటనే హైడ్రోకార్టిసోన్ పడాలి. మరికొందరిలో నెలలు, ఏళ్ళు గడిచాక మెల్లగా బయటపడుతుంది. గడ్డం వారానికోసారి గీసుకున్నా సరిపోతుంది, చంకల్లో వెంట్రుకలు రాలిపోతాయి, పొద్దున్నే వచ్చే అంగస్తంభన ఆగిపోతుంది, చలికి తట్టుకోలేడు, పొలంలో అరపూట పనికే కూలబడతాడు. ఇంట్లో వాళ్ళు 'కాటు తర్వాత నెత్తురు చచ్చింది' అనుకుంటారు. పిల్లలు కావట్లేదని డాక్టరు దగ్గరికొస్తాడు, పాము సంగతి చెప్పాలని అతనికి తోచదు. మనమే అడగాలి. పాము కరిచిందా, అప్పుడు డయాలసిస్ చేశారా, తలకు ఎప్పుడైనా పెద్ద దెబ్బ తగిలి స్పృహ తప్పిందా అని అడగడానికి అర నిమిషం చాలు.

అప్పుడు రాయవలసిన పరీక్షలు: ఉదయం 10 లోపు, పరగడుపున టెస్టోస్టిరాన్, తక్కువొస్తే ఇంకో రోజు మళ్ళీ. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ (పిట్యూటరీదే ఇంకో హార్మోన్, ఎక్కువైతే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను అణచేస్తుంది), ఉదయం 8 గంటల కార్టిసాల్, ఐజీఎఫ్-1. థైరాయిడ్‌కు, పిట్యూటరీ పంపే టీఎస్‌హెచ్ ఒక్కటే చూడకండి. పిట్యూటరీ జబ్బులో అది మామూలుగా కనిపించి మోసం చేస్తుంది, థైరాయిడ్ సొంత హార్మోన్ ఫ్రీ టీ4 తప్పనిసరి. ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువగా ఉండి వృషణాలు చిన్నగా ఉంటే తప్పు వృషణాలదే, క్లైన్‌ఫెల్టర్ (పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువుండడం) లాంటివి చూడాలి. అక్కడ గ్రోత్ హార్మోన్ ఏమీ చేయలేదు. టెస్టోస్టిరాన్ తక్కువై, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా కిందనే ఉంటే తప్పు పైనుంది, పిట్యూటరీ ఎంఆర్ఐ తీయించాలి.

వైద్యంలో వరస తప్పితే ప్రమాదం. ముందు కార్టిసాల్, తర్వాత థైరాయిడ్, ఆ తర్వాతే మిగతావి. గ్రోత్ హార్మోన్ మొదలుపెట్టినప్పుడు ఒంట్లో కార్టిసాల్ లభ్యత తగ్గుతుంది. అప్పటిదాకా అంతంతమాత్రంగా నెట్టుకొస్తున్న మనిషి ఒక్కసారిగా కుప్పకూలవచ్చు.

పిల్లలు కావాలనుకునే మగవాడికి టెస్టోస్టిరాన్ ఇంజెక్షను, జెల్లు ఇవ్వకూడదు. ఈ తప్పు ఎంత తరచుగా జరుగుతుందో చెప్పలేను. బయటినుంచి టెస్టోస్టిరాన్ వస్తే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అణిగిపోతాయి, వృషణం లోపల వీర్యోత్పత్తి ఆగిపోతుంది. రక్తంలో అంకె అందంగా ఉంటుంది, వీర్యంలో కణం ఉండదు. వాళ్ళకివ్వాల్సింది హెచ్‌సీజీ: 1500 నుంచి 2000 యూనిట్లు, వారానికి రెండు మూడు సార్లు. ఇది ఎల్‌హెచ్ పని చేస్తుంది. మూడు నుంచి ఆరు నెలల్లో టెస్టోస్టిరాన్ మామూలుకొచ్చాక కూడా కణాలు రాకపోతే ఎఫ్‌ఎస్‌హెచ్ 75 నుంచి 150 యూనిట్లు, వారానికి మూడుసార్లు కలుపుతారు. ఆరు నెలలు పట్టొచ్చు, రెండేళ్ళూ పట్టొచ్చు. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, బయటికి చేరడానికి ఇంకో రెండు వారాలు. కాబట్టి ఏ మందు ఫలితమైనా మూడు నెలలకు ముందు చూసి లాభం లేదు. నెలకోసారి వీర్య పరీక్ష చేయించుకుంటే మిగిలేది దిగులే.

మరి ఇందులో గ్రోత్ హార్మోన్ ఎక్కడ? రుజువైన లోటు ఉన్నవాళ్ళకు అది ఎలాగూ ఇవ్వాల్సిందే: కండ, ఎముక, కొవ్వు, ఓపిక, వీటికోసం. హెచ్‌సీజీ, ఎఫ్‌ఎస్‌హెచ్ సరిగ్గా ఇచ్చినా వృషణం మందకొడిగా ఉన్నప్పుడు, దానికి తోడు ఈ లోటును పూడిస్తే స్పందన మెరుగైన సందర్భాలున్నాయి. ఆధారాలు చిన్న అధ్యయనాలవి, అందుకని అందరికీ మొదటి రోజు నుంచే రాయమని అనను. మోతాదు: 30 నుంచి 60 ఏళ్ళవాళ్ళకు రోజుకు 0.2 లేదా 0.3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నెల, రెండు నెలలకోసారి ఐజీఎఫ్-1 చూస్తూ పెంచాలి. చేతులు, పాదాలు ఉబ్బడం, కీళ్ళ నొప్పి, రాత్రి వేళ్ళ తిమ్మిరి వస్తే మోతాదు ఎక్కువైందన్నమాట, తగ్గిస్తే పోతాయి. క్యాన్సరు నడుస్తున్నవాళ్ళకు ఇవ్వకూడదు. షుగరు ఉన్నవాళ్ళకు చక్కెర పెరుగుతుంది, కన్ను చూపించాలి. టెస్టోస్టిరాన్ మోతాదు మారితే ఐజీఎఫ్-1 కూడా కదులుతుంది, మళ్ళీ చూసుకోవాలి.

ఒక లెక్క తప్పు గురించి చెప్పాలి. 1 మిల్లీగ్రాము అంటే 3 యూనిట్లు. చీటీలో మిల్లీగ్రాములుండి, సీసా మీద యూనిట్లుంటే మూడింతలు ఎక్కువో, మూడో వంతో పడిపోతుంది. పిల్లలకు కిలోకు రోజుకు 25 నుంచి 35 మైక్రోగ్రాములు, అంటే 20 కిలోల పిల్లాడికి 0.5 నుంచి 0.7 మిల్లీగ్రాములు. పొడి సీసా అయితే నీళ్ళను గోడ వెంట మెల్లగా జార్చి, అరచేతుల మధ్య తిప్పాలి. కుదపకూడదు, కుదిపితే ప్రొటీన్ ముద్దకడుతుంది. కలిపాక మబ్బుగా కనిపిస్తే పారేయడమే.

ఇప్పుడు ఎక్కువమంది కోసం. పిట్యూటరీ బాగుంది, ఐజీఎఫ్-1 బాగుంది, కౌంటు మాత్రం తక్కువ. ఇలాంటివాళ్ళకు గ్రోత్ హార్మోన్ ఇస్తే లాభం ఉందని నమ్మదగ్గ ఆధారం లేదు. మగవారి సంతానలేమికి ఈ మందును అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించనూ లేదు. అంతకంటే ముందు చూడాల్సినవి బోలెడు. వీర్య నమూనా రెండు నుంచి ఏడు రోజుల విరామం తర్వాత ఇచ్చారా? ఇంటి దగ్గర తీసుకుంటే గంట దాటకుండా, ఒంటి వేడి తగ్గకుండా ల్యాబుకు చేరిందా? మొదటి చుక్కలు బయట పోయాయా? పోతే ఆ పరీక్ష చెల్లదు, ఎక్కువ కణాలుండేది వాటిలోనే. గత మూడు నెలల్లో డెంగీయో, టైఫాయిడో, గట్టి జ్వరమేదైనా వచ్చిందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకం ప్రకారం కింది హద్దులు: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం కదలిక 42 శాతం, ముందుకు కదిలేవి 30 శాతం, రూపం సరిగ్గా ఉన్నవి 4 శాతం. ఆ 4 శాతం చూసి బెంబేలెత్తకండి, పిల్లలు పుట్టినవాళ్ళలోనూ ఈ శాతం తక్కువే ఉంటుంది. వెరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం), సిగరెట్, స్థూలకాయం, బట్టీలు, పొయ్యిల దగ్గర పని, ఇవన్నీ చూశాక మిగిలేదానికి వేరే దారులున్నాయి.

ఎరువు ఎక్కువైతే ఏమవుతుందో చూపించే జబ్బు ఆక్రోమెగాలీ. పిట్యూటరీలో గడ్డ పుట్టి గ్రోత్ హార్మోన్‌ను ఆపకుండా వదులుతుంది. మగతనం పెరగాలి కదా మరి? జరిగేది దానికి రివర్సు. వీళ్ళలో చాలామందికి టెస్టోస్టిరాన్ పడిపోతుంది, కోరిక తగ్గుతుంది, స్తంభన ఉండదు. గడ్డ పక్కనున్న ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ కణాలను నొక్కేస్తుంది, కొందరిలో ప్రొలాక్టిన్ కూడా కలిసి వస్తుంది, పైన షుగరు, గురక, బీపీ. టెస్టోస్టిరాన్ తక్కువున్నా ప్రొస్టేటు మాత్రం ఉబ్బుతుంది. ఉంగరం బిగుసుకోవడం, చెప్పుల సైజు మారడం, కింది దవడ ముందుకొచ్చి పళ్ళ మధ్య సందులు పడడం గమనిస్తే ఐజీఎఫ్-1 చేయించండి. ఎక్కువొస్తే 75 గ్రాముల గ్లూకోజు తాగించి గ్రోత్ హార్మోన్ దిగుతుందో లేదో చూస్తారు. ముక్కు దారిన ఆపరేషన్ చేసి గడ్డ తీస్తే కొందరిలో టెస్టోస్టిరాన్ తిరిగొస్తుంది.

జిమ్ సంగతి రెండు ముక్కల్లో. అక్కడ గ్రోత్ హార్మోన్ ఒంటరిగా రాదు, స్టెరాయిడ్లతో కలిసి వస్తుంది. కౌంటు సున్నాకు దించేది ముఖ్యంగా స్టెరాయిడ్లు. సీసాలో ఉన్నది గ్రోత్ హార్మోన్ అవునో కాదో కొన్నవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. ఆటగాళ్ళకైతే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ దీన్ని పోటీల్లోనే కాదు, ఎప్పుడూ నిషేధించింది.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒక తల్లి: మా బాబుకి రోజూ రాత్రి ఇంజెక్షన్ ఇస్తున్నామండీ. వేసవిలో కరెంటు గంటలు గంటలు పోతోంది. మందు పాడవుతుందా?)

ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే కొన్ని గంటలు చల్లదనం నిలుస్తుందమ్మా. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడికంటే ఎక్కువగా పాడుచేసేది గడ్డకట్టడం. ఫ్రీజర్ కిందే, వెనక గోడకు ఆనించి పెట్టకండి, మధ్య అరలో డబ్బాలో పెట్టండి. ఒకసారి గడ్డకట్టింది కరిగినా వాడకూడదు. బయట ఎన్ని రోజులు ఉంచవచ్చన్నది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, పెట్టెలో కాగితం చూడండి. ఇంజెక్షన్ చోటు రోజూ మార్చండి, తొడ, పొట్ట అలా. ఒకేచోట పొడిస్తే అక్కడ కొవ్వు కరిగి గుంటపడుతుంది. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు మోతాదులు ఇవ్వకండి.

(ఒక యువకుడు: నేను రెండేళ్ళు టెస్టోస్టిరాన్ వాడానండి. ఇప్పుడు పెళ్ళి. కౌంటు తిరిగొస్తుందా? గ్రోత్ హార్మోన్ వేసుకుంటే త్వరగా వస్తుందా?)

ముందు ఆపండి. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకు గర్భనిరోధకంగా టెస్టోస్టిరాన్ ఇచ్చి చూసిన ప్రయోగాల్లో, ఆపాక ఏడాదిలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి కౌంటు మిల్లీలీటరుకు 2 కోట్లకు చేరింది, మిగతావాళ్ళకు రెండేళ్ళదాకా పట్టింది. స్టెరాయిడ్లు కలిపి ఎక్కువ మోతాదులో వాడినవాళ్ళకు ఇంకా ఆలస్యం కావచ్చు. ఇప్పుడొకసారి వీర్య పరీక్ష, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్ చేయించుకుని, మూడు నెలలకోసారి చూసుకోండి. కౌంటు పెరగకపోతే ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టరు పర్యవేక్షణలో హెచ్‌సీజీ మొదలుపెడతారు. గ్రోత్ హార్మోన్‌కు ఇందులో పని లేదు. పెళ్ళిచూపుల్లో చెప్పకపోయినా, పెళ్ళయ్యాక పిల్లల కోసం పరీక్షలు మొదలైతే ముందు మీరే వెళ్ళి ఈ రెండేళ్ళ సంగతి డాక్టరుకు చెప్పండి. లేకపోతే పరీక్షలన్నీ ఆ అమ్మాయికే రాస్తారు.